పట్టికను చూడకముందే క్వెరీ రాయించవద్దు

మన సంఘం తరఫున నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల డిగ్రీ విద్యార్థులకు వారాంతాల్లో ఆన్‌లైన్‌లో ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లో, అంటే కంప్యూటర్‌లో పట్టికలుగా దాచిన సమాచారంలో, కావలసింది అడిగే భాష; అలా అడిగే ఒక్కో ప్రశ్న క్వెరీ) నేర్పుతున్నవారిలో నేనూ ఒకణ్ణి. మన పాఠాలు మొదటి రోజే ఉద్యోగుల పట్టిక, శాఖల పట్టిక అంటూ రెండు కల్పిత పట్టికలను తయారు చేయించి, మూడో వారానికల్లా ఇంటర్వ్యూల్లో అడిగే జాయిన్ల (రెండు పట్టికలను కలిపి చదవడం) దాకా పిల్లలను పరుగెత్తిస్తున్నాయి. ఈ పద్ధతి మారాలని, కనీసం మొదటి రెండు వారాలు ఉన్న డేటాబేస్‌ను కలియజూడటానికే కేటాయించాలని నా అభిప్రాయం. తామే నింపిన ఐదు వరుసల్లో ఏముందో వారికి ముందే తెలుసు కనుక, దాన్ని అడగడానికి ఏమీ మిగలదు. ఉద్యోగంలో ఎదురయ్యేది మాత్రం ఎవరో ఎప్పుడో నింపిన పట్టిక.

ఊళ్లో పహాణీ (భూమి రికార్డు) చదవడం తెలిసిన పెద్దమనిషి, సర్వే నంబరు ఏ గడిలో ఉంది, పట్టాదారు గడి ఏది, అనుభవదారు గడి ఏది అని వేలు పెట్టి చూసుకున్నాకే భూమి ఎవరిదన్న మాటకు వస్తాడు. డేటాబేస్ దగ్గరా అదే వరుస పాటించాలి. ఏయే పట్టికలున్నాయి, ఒక్కోదానిలో ఏయే కాలమ్‌లున్నాయి, అవి అంకెలా అక్షరాలా అని చూసి, లిమిట్ (ఇన్ని వరుసలే చూపమనే ఆదేశం) పెట్టి పది వరుసలను కంటితో చదివి, ఆ తరువాతే క్వెరీ రాయాలి. సర్వే నంబరుకు 142/అ వంటి ఉపసంఖ్యలుంటాయి కనుక దాన్ని అంకెల కాలమ్‌గా పెట్టకూడదని చెబితే, పహాణీ చూసిన రైతుబిడ్డకు ఒక్క మాటలో అర్థమవుతుంది.

నేను ఎక్కువసేపు ఆగేది ఖాళీ గడుల దగ్గర. మర్రిగూడ, మునుగోడు వైపు పిల్లలకు ఫ్లోరైడ్ మనిషి ఎముకలను ఏం చేస్తుందో ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకే అభ్యాసం కోసం ఒక ఊరి పది బోరింగుల పట్టిక ఒకటి కల్పించి ఇస్తాను. అందులో ఆరింటి నీటినే పరీక్షించారు, వాటి ఫ్లోరైడ్ విలువల మొత్తం 15. మిగతా నాలుగు గడులను నల్‌గా (విలువ తెలియదన్న గుర్తుగా, ఖాళీగా) వదిలితే, సగటు తీసే ఫంక్షన్ వాటిని లెక్కలోకి తీసుకోదు కనుక లీటరుకు 2.5 మిల్లీగ్రాములు వస్తుంది. అక్కడ ఎవరైనా సున్నాలు నింపితే సగటు 1.5కు దిగిపోతుంది. మరో నీటి వనరు లేనప్పుడు భారతీయ ప్రమాణాలు అనుమతించే గరిష్ఠ పరిమితి కూడా లీటరుకు 1.5 మిల్లీగ్రాములే కనుక, సగటు పరిమితి దాటిన ఊళ్లను చూపమని అడిగితే ఆ ఊరు జాబితాలోకే రాదు. సున్నాలు నింపకపోయినా ఇంకో చిక్కుంది: 1.5 దాటినవి చూపమన్నా, దాటనివి చూపమన్నా పరీక్షించని ఆ నాలుగూ కనబడవు, వాటిని ఈజ్ నల్ అని విడిగా అడగాలి. వరుసలను లెక్కపెట్టే కౌంట్‌లో నక్షత్రం గుర్తు పెడితే పది, ఫ్లోరైడ్ కాలమ్ పేరు పెడితే ఆరు వచ్చిన రోజు, ఒక అమ్మాయి "సార్, ఆ నాలుగు బోరింగుల నీళ్లు ఎవరు తాగుతున్నరు?" అని అడిగింది. జాయిన్లు నేర్పిన ఏ తరగతిలోనూ నాకు అటువంటి ప్రశ్న ఎదురుకాలేదు.

జిల్లాల పేర్లు కూడా మంచి పాఠమే. 2011 జనగణన పట్టికలో సూర్యాపేట, భువనగిరి నల్లగొండ జిల్లాలోనే ఉంటాయి, జిల్లాలను విడగొట్టిన 2016 అక్టోబరు తరువాతి పట్టికల్లో ఉండవు. ఈ సంగతి చూడకుండా జిల్లా పేరు మీద రెంటినీ కలిపితే నల్లగొండ జనాభా ఉన్నట్టుండి పడిపోయినట్టు తేలుతుంది.

మరొక మాట, ఇది భాష గురించి. 1970లో కంప్యూటర్ శాస్త్రవేత్త కాడ్ ప్రతిపాదించిన, సమాచారాన్ని పట్టికలుగా చూసే రిలేషనల్ నమూనా ఆధారంగా 1974లో చాంబర్లిన్, బాయిస్ ఈ భాషను ప్రకటించినప్పుడు, ఇంగ్లీషు అన్న మాట దాని పూర్తి పేరులోనే (స్ట్రక్చర్డ్ ఇంగ్లీష్ క్వెరీ లాంగ్వేజ్) ఉంది. అందుకే ఇంగ్లీషు వాక్యంలోలా సెలెక్ట్ (చూపించు) ముందు వస్తుంది. అయితే క్వెరీ అర్థం ఫ్రమ్‌తో (ఏ పట్టికలోంచి) మొదలై, వేర్ (ఏ షరతుతో) దాటి, ఆ తరువాతే సెలెక్ట్‌కు చేరుతుంది. "బోరింగుల పట్టికలోంచి, ఫ్లోరైడ్ 1.5 దాటినవాటిని ఏరి, ఊరి పేరు చూపించు" అన్న తెలుగు వాక్యం సహజంగా ఆ వరుసలోనే నడుస్తుంది. తెలుగు మీడియంలో చదివిన పిల్లలతో ముందు ఇలా చెప్పించి ఆ తరువాత టైపు చేయిస్తే తప్పులు తగ్గడం నేను కళ్లారా చూశాను. ఉద్యోగాలకు ఇంగ్లీషే కావాలనే మన మిత్రుల ఆందోళన నాకు అర్థమవుతుంది. ఆదేశాలు ఎలాగూ ఇంగ్లీషులోనే ఉంటాయి, ఆలోచనను కూడా ఇంగ్లీషులోకి మార్చుకోమని మొదటి వారంలోనే పట్టుబట్టవద్దన్నదే నా విన్నపం.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, సర్వర్ అక్కరలేదు, డేటాబేస్ మొత్తం ఒక్క ఫైలుగా పెన్‌డ్రైవ్‌లో ఇమిడి పాత ల్యాప్‌టాప్‌లో కూడా తెరుచుకుంటుంది. కావలసింది మన ఊళ్ల సమాచారం. సంక్రాంతికి ఇళ్లకు వెళ్తున్న సభ్యులు తమ గ్రామంలోని చెరువులు, బోరింగుల జాబితాను, వ్యక్తుల పేర్లు లేకుండా, అందరికీ చూపదగినంత మేరకు రాసుకొని తెస్తే, వాటిని పట్టికలుగా మార్చి తరువాతి తరగతులకు సిద్ధం చేసే పని నేను తీసుకుంటాను.