మే నెలలో అరోరా కనిపించదు: పిల్లల ‘కలల దేశాల’ మెసేజ్‌కు నా జవాబు

పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న మా మేనకోడలు ఈ సెలవుల్లో ఒక రూళ్ల నోట్‌బుక్ మొదలుపెట్టింది. అట్ట మీద పాత అట్లాస్‌లోంచి కత్తిరించిన ప్రపంచ పటం అంటించింది. లోపల ఒక్కో చోటికి ఒక్కో పేజీ: ఎక్కడుంది, ఏ నెలలో వెళ్లాలి, అక్కడ ఏం చూడాలి. మొన్న వాళ్లింటికి వెళ్తే "మావయ్యా, ఇది చదువు" అని చేతికిచ్చింది. మూడో పేజీలో ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో "ఐస్‌లాండ్, మే నెల, అరోరా" అని రాసుంది. అరోరా అంటే ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు. మే నెలే ఎందుకమ్మా అని అడిగితే ఫోన్ తీసి ఒక వాట్సాప్ మెసేజ్ చూపించింది.

అలాంటిది మీ గ్రూపుల్లోకీ వచ్చే ఉంటుంది. పిల్లలు ఒక్కసారైనా చూడాల్సిన విదేశాలంటూ, ఒక్కోదానికి రెండేసి లైన్లు. అందులో ఉన్నది ఇదీ: వేసవి సెలవుల్లో ఐస్‌లాండ్ వెళ్తే అర్ధరాత్రి సూర్యుడు, అరోరా రెండూ చూడొచ్చు. చైనా గోడ చంద్రుడి మీద నుంచి కూడా కనిపిస్తుంది. రాత్రిపూట ఈఫిల్ టవర్ ఫొటో తీస్తే జైలే. పెరూలో మచు పిచ్చు అనే పాత ఊరు ఉందని 1911లో ఒక అమెరికన్ కనిపెట్టేదాకా ఎవరికీ తెలియదు. మాల్దీవులు 2030కల్లా మునిగిపోతాయి, మునిగేలోపు చూసి రండి. మన పాస్‌పోర్టుతో స్విట్జర్లాండ్ సహా 60 దేశాలకు వీసా అక్కర్లేదు, పిల్లలకైతే అమ్మానాన్నల పాస్‌పోర్టే చాలు. ఇన్ని చెప్పి, చివర్లో ఇవన్నీ కోట్లున్నవాళ్ల కలలని, మనం ఫోన్‌లో చూసుకుని సంతోషించాలని ముగించారు.

పదిహేనేళ్ల పిల్ల దీన్ని నమ్మి, చక్కటి దస్తూరితో పేజీలకు పేజీలు రాసుకుంది. చూసి నాకు కష్టమనిపించింది. అందుకే ఒక్కో ముక్కా తీసుకుని రాస్తున్నాను.

అరోరా గురించే ముందు, కాస్త ఎక్కువగా చెప్తాను. మిగతావి నమ్మితే తప్పు తెలుసుకుంటాం, అంతే. ఇది నమ్మితే లక్షలు పోసి వెళ్లి, వట్టి చేతులతో తిరిగొస్తాం. సూర్యుడి నుంచి వచ్చే విద్యుదావేశ కణాలు భూమి అయస్కాంత క్షేత్రం వెంట ధ్రువాల వైపు దిగి, పైగాలిలోని ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను ఢీకొంటాయి. అప్పుడు పుట్టే వెలుగే అరోరా. మనం ఫొటోల్లో ఎక్కువగా చూసే ఆకుపచ్చ సుమారు 100 కిలోమీటర్ల ఎత్తులో ఆక్సిజన్ ఇచ్చేది. ఎరుపు ఇంకా పైన, 200 కిలోమీటర్లు దాటాక పుడుతుంది. ఎండాకాలంలో కూడా ఇదంతా జరుగుతూనే ఉంటుంది. కానీ కనపడాలంటే ఆకాశం చీకటిగా ఉండాలి కదా. పగలు నక్షత్రాలు ఎక్కడికీ పోవు, వెలుతురు వల్ల మనకు కనపడవు. ఇదీ అంతే.

ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో జూన్ మూడో వారంలో సూర్యుడు అర్ధరాత్రికి అస్తమించి, తెల్లవారుజామున మూడు కాకముందే మళ్లీ పైకొస్తాడు. ఆ మధ్యలో కూడా సంధ్య వెలుతురే తప్ప చీకటి పడదు. నార్వేలోని ట్రోమ్సోలో అయితే మే మూడో వారం నుంచి జూలై మూడో వారం దాకా సూర్యుడు అస్తమించనే అస్తమించడు. కాబట్టి అర్ధరాత్రి సూర్యుడు కావాలంటే అరోరాను వదులుకోవాలి, అరోరా కావాలంటే ఆ సూర్యుణ్ని వదులుకోవాలి. రెండూ ఒకే ప్రయాణంలో కుదరవు.

మన వేసవి సెలవులు సరిగ్గా ఆ వెలుతురు నెలల్లోనే పడతాయి. మరి బడికెళ్లే పిల్లలకు దారే లేదా అంటే, ఉంది. అరోరా చూసే కాలం సెప్టెంబరు నుంచి మార్చి చివరి దాకా. అందులోనూ పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజులకు అటూ ఇటూ, అంటే సెప్టెంబరు, మార్చి నెలల చుట్టుపక్కల, భూమి అయస్కాంత క్షేత్రంలో అలజడి ఎక్కువగా ఉంటుంది. మన దసరా సెలవులు పడేది ఆ రోజుల్లోనే! నడి శీతాకాలమంత చలి కూడా అప్పటికి ఉండదు. లేదు, వేసవిలోనే వెళ్లాలంటే భూగోళం కిందివైపు చూడాలి. మే, జూన్‌లలో దక్షిణార్ధగోళంలో చలికాలం, పొడుగాటి రాత్రులు. న్యూజిలాండ్ దక్షిణ దీవిలో, ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో దక్షిణ అరోరా కనిపిస్తుంది. అయితే అవి ధ్రువానికి కాస్త దూరం కాబట్టి సౌర తుఫాను బలంగా ఉన్న రాత్రులే దిక్కు. ఏ దేశమైనా మబ్బు పట్టిందంటే ఏమీ చేయలేం. "అరోరా గ్యారంటీ" అని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే నమ్మకండి.

ఇంకో మాట, మెసేజ్‌లో లేనిది. 2024 మే 10, 11 తేదీల్లో పెద్ద సౌర తుఫాను వచ్చినప్పుడు లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబారడాన్ని అక్కడి ఖగోళ పరిశోధనశాల కెమెరాలు పట్టుకున్నాయి. రోజూ దొరికేది కాదు, దాని కోసం ప్లాన్ చేసుకుని వెళ్లలేం. కానీ హాన్లే చుట్టుపక్కల ప్రాంతాన్ని నక్షత్రాలు చూడటానికే చీకటిగా కాపాడుతున్నారు, పాలపుంతను అక్కడ కళ్లారా చూడొచ్చు. పాస్‌పోర్టు లేకుండా. నోట్‌బుక్‌లో ఒక పేజీ దానికీ ఇవ్వమన్నాను.

ఇక చైనా గోడ. చంద్రుడు మనకు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరం. గోడ వెడల్పు ఎక్కువ చోట్ల ఎనిమిది మీటర్లకు మించదు. లెక్క వేస్తే, మూడు కిలోమీటర్ల అవతల పడి ఉన్న ఒక తల వెంట్రుకను చూడగలమా అన్నట్టు ఉంటుంది. పొడవు ఎంతున్నా లాభం లేదు, వెంట్రుక కూడా పొడుగ్గానే ఉంటుంది. 2003లో అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి చైనా వ్యోమగామి యాంగ్ లీవే తిరిగొచ్చాక తనకు గోడ కనపడలేదనే చెప్పాడు. అతను తిరిగింది చంద్రుడి దగ్గర కాదు, భూమికి కొన్ని వందల కిలోమీటర్ల పైన. అసలు ఈ మాట అంతరిక్షంలోకి మనిషి వెళ్లకముందు నుంచే ఉంది. విలియం స్టూక్లీ అనే ఇంగ్లిషు పండితుడు 1754లోనే ఒక ఉత్తరంలో ఇలాంటిది రాశాడు.

నాకు అసలు బాధ ఏంటంటే, ఈ అబద్ధం వల్ల ఆ గోడ గురించి తెలుసుకోవాల్సిన నిజాలు వెనక్కి పోతున్నాయి. అది ఒకే గోడ కాదు. వేర్వేరు రాజవంశాలు వేర్వేరు కాలాల్లో కట్టినవన్నీ కలిపి 21,196 కిలోమీటర్లని 2012లో చైనా ప్రకటించింది. మింగ్ వంశం కాలంలో ఇటుకల మధ్య సున్నంలో జిగురు బియ్యపు గంజి కలిపారు. మన పాత కట్టడాలకు డంగు సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపేవాళ్లని మా తాత చెప్పేవాడు. ఇది చెప్తే మా మేనకోడలు పెన్ను మూత తీసి అక్కడికక్కడే రాసుకుంది. చంద్రుడి ముచ్చటకంటే గంజి ముచ్చటే దానికి నచ్చింది.

ఈఫిల్ టవర్ ఫొటోకు జైలన్న మాట ఒక చిన్న నిజం చుట్టూ అల్లింది. గుస్తావ్ ఈఫిల్ 1923లో చనిపోయాడు, 70 ఏళ్లకు టవర్ మీద కాపీరైటు తీరిపోయింది. రాత్రి దీపాల అలంకరణ వేరు, అది 1985లో పియర్ బిడో రూపొందించింది, కాబట్టి దాన్ని ప్రత్యేక కళాకృతిగా చూస్తారు. అందుకని రాత్రి ఫొటోలను వ్యాపారానికి వాడుకోవాలంటే అనుమతి తీసుకోవాలి. సొంతానికి తీసుకోవడానికి, స్నేహితులకు పంపడానికి, సోషల్ మీడియాలో పెట్టుకోవడానికి ఏ ఇబ్బందీ లేదని టవర్‌ను నడిపే సంస్థే చెప్తోంది. ఒకమ్మాయి టవర్ కింద నిలబడి ఫొటో తీసుకోవాలా వద్దా అని టెన్షన్ పడాల్సిన పనే లేదు. దానికంటే పనికొచ్చే కబురు: 12 నుంచి 24 ఏళ్ల వాళ్లకు అక్కడ టికెట్ తక్కువ, మెట్లెక్కి వెళ్తే ఇంకా తక్కువ. రెండో అంతస్తుకు 674 మెట్లు. తిరుమల మెట్లదారి ఎక్కిన కాళ్లకు అదెంత!

మచు పిచ్చు దగ్గర మాత్రం నాకు కోపం వచ్చింది. ఆ అమెరికన్, హైరమ్ బింగమ్, 1911 జూలై 24న అక్కడికి చేరిన మాట నిజం. కానీ అతన్ని కొండ ఎక్కించింది మెల్చోర్ అర్తియాగా అనే స్థానిక రైతు. పైన రైతు కుటుంబాలు కాపురముంటూ, ఒకప్పటి ఇంకా సామ్రాజ్యపు జనం కట్టిన ఆ మెట్ల పొలాల్లోనే పంటలు వేసుకుంటున్నాయి. శిథిలాల మధ్యకు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లినట్టు తీసుకెళ్లింది ఆ ఇళ్లలోని ఒక చిన్న పిల్లవాడు. అంతకు తొమ్మిదేళ్ల ముందే, 1902లో, అగస్టిన్ లిజారగా అనే పెరూ ఆయన వచ్చి గోడ మీద పేరు కూడా రాసి వెళ్లాడు. మరి "ఎవరికీ తెలియదు" అంటే ఎవరి లెక్కలో ఎవరికీ? బింగమ్ చేసింది ఆ చోటును బయటి ప్రపంచానికి చూపించడం. దాని విలువ దానిదే. అక్కడి వస్తువులను అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి తరలిస్తే, అవి పెరూకు తిరిగి రావడానికి దాదాపు వందేళ్లు పట్టిందని కూడా చెప్పాలి కదా. ఎత్తు గురించి భయపడేవాళ్లకు ఒక మాట: మచు పిచ్చు 2,430 మీటర్లే. దారిలో దిగే కుస్కో నగరమే 3,400 మీటర్లు. ఊపిరి ఆడక తలనొప్పి వచ్చేది చాలామందికి కుస్కోలోనే.

మాల్దీవులు 2030కల్లా మునుగుతాయనే గడువుకు శాస్త్రీయ ఆధారం లేదు. కానీ ముప్పు అబద్ధం కాదు. అక్కడ నేలలో ఎక్కువ భాగం సముద్రానికి ఒక్క మీటరు ఎత్తులో కూడా లేదు. 2009లో అప్పటి అధ్యక్షుడు మహమ్మద్ నషీద్ మంత్రివర్గ సమావేశాన్ని నీళ్ల అడుగున పెట్టి ప్రపంచానికి చూపించింది ఆ కష్టాన్నే. మొత్తం మునగకముందే అలలు లోపలికి కొట్టి, తాగే నీళ్లు ఉప్పబడతాయి. వాళ్లు హుల్హుమాలే అనే దీవిని ఇసుక పోసి సుమారు రెండు మీటర్ల ఎత్తుకు లేపి ఊరు కట్టుకుంటున్నారు. ఒక జాతి నిలబడటానికి చేస్తున్న పని అది. "మునిగేలోపు చూసి రండి" అని దాన్ని సేల్ ఆఫర్ లాగా రాయడం నాకు నచ్చలేదు.

వీసా సంగతి జాగ్రత్తగా చదవండి, ఎయిర్‌పోర్టులో వెనక్కి పంపేది దీని దగ్గరే. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్, ఐస్‌లాండ్, నార్వే అన్నీ షెంగెన్ దేశాల్లోవి, అంటే ఒకే వీసాతో తిరగగలిగే 29 యూరప్ దేశాల గుంపులోవి. మనకు ముందుగా వీసా కావాల్సిందే. 2024 జూన్ నుంచి ఫీజు 90 యూరోలు. 12 ఏళ్లు నిండిన పిల్లలకూ అంతే. రాకపోతే ఆ డబ్బు తిరిగివ్వరు. 18 ఏళ్ల లోపు వాళ్ల దరఖాస్తు మీద అమ్మానాన్నలిద్దరి సమ్మతి అడుగుతారు. పిల్లలను తల్లిదండ్రుల పాస్‌పోర్టులో చేర్చే పద్ధతి ఎప్పుడో పోయింది, చంటిబిడ్డకైనా సొంత పాస్‌పోర్టు ఉండాలి. ఇలాంటి మెసేజ్‌లలో అంకె పెద్దగా కనపడటానికి వీసా లేని దేశాలను, దిగాక వీసా ఇచ్చేవాటిని కలిపి లెక్కేస్తారు. ఈ జాబితాలు మారుతూ ఉంటాయి కూడా. బయల్దేరే ముందు ఆ దేశపు ఎంబసీ సైట్‌లో చూసుకోవాలి.

నిజంగా సులువుగా వెళ్లగలిగేది నేపాల్. వీసా లేదు. 15 ఏళ్ల లోపు వాళ్లకు, 65 దాటినవాళ్లకు ఆధార్ కార్డు సరిపోతుంది, ఈ రెండు వయసుల మధ్య ఉన్న పెద్దలకు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. మరి ఓటు హక్కు రాని 15 నుంచి 18 ఏళ్ల పిల్లలు? పాస్‌పోర్టు లేకపోతే స్కూలు ప్రిన్సిపాల్ నిర్ణీత నమూనాలో ఇచ్చే గుర్తింపు సర్టిఫికెట్ మీద వెళ్లొచ్చు. హైదరాబాద్ నుంచి సరిహద్దులోని రక్సౌల్‌కు రైలుంది, అక్కడ దాటితే బీర్‌గంజ్. మన రూపాయికి నేపాల్ రూపాయి అరవై పైసలు వస్తుంది.

చివరి వాక్యం మిగిలింది, కోట్లున్నవాళ్ల కలలని. ఐస్‌లాండ్ ఖరీదైన దేశం, కాదనను. మా ఇంట్లో కూడా అది ఇప్పట్లో అయ్యే పని కాదు. కానీ కల కనే అర్హతే లేదన్నట్టు పిల్లలతో మాట్లాడటం తప్పు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. ఆ అమ్మాయి చదివింది సాంఘిక సంక్షేమ గురుకులంలో, కొండలెక్కడం నేర్చుకుంది భువనగిరి బండ మీద. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడింది. అదే యాత్రలో ఖమ్మం జిల్లా నుంచి ఆనంద్ కుమార్ కూడా ఉన్నాడు. ఆ వయసు పిల్లలను నేపాల్ వైపు నుంచి ఎక్కనివ్వరని టిబెట్ వైపు నుంచి ఎక్కారు. గురుకుల సొసైటీ వెనక నిలబడింది కాబట్టే వెళ్లగలిగారు. ఆ పిల్లలతో "ఫోన్‌లో చూసుకో" అని ఎవరూ అనకపోవడం ఎంత మంచిదైంది!

నిన్న రాత్రి మా మేనకోడలు నోట్‌బుక్ ఫొటో పంపింది. మూడో పేజీలో "మే నెల" మీద గీత కొట్టి, పక్కన "దసరా" అని రాసింది. దాని తర్వాత కొత్త పేజీ, పైన నేపాల్ అని ఉంది. కింద మెసేజ్: "మావయ్యా, పది అయిపోయింది, ఇంటర్‌లో ఇంకా చేరలేదు కదా. ఆ సర్టిఫికెట్ మా పాత స్కూల్లో ఇస్తారా?" సోమవారం వెళ్లి కనుక్కుంటానని చెప్పాను.