ఓటీపీ వచ్చేది ఫోనుకి, ఫోను ఉండేది మెట్ల కింద

మా కర్నూలు జిల్లాలోనే ఒక గ్రంథాలయం. పేరు రాయడం లేదు, రాస్తే మిగతా వాళ్లంతా ఇది మన గురించి కాదులే అని పేజీ తిప్పేస్తారు. మేడ మీద గదిలో నాలుగు కంప్యూటర్లు, గుమ్మం పక్కన ఒక ఫ్లెక్సీ, దాని నిండా నియమాలు. సెల్‌ఫోన్లు లోపలికి తేరాదు. పెన్‌డ్రైవ్ పెట్టరాదు. యూట్యూబ్, వాట్సాప్, ఫేస్‌బుక్ చూడరాదు. ఒక్కొక్కరికి అరగంట మాత్రమే. ఆధార్ జిరాక్స్ ఇచ్చి రిజిస్టరులో సెల్ నంబరు రాయవలెను. ఇద్దరు కలిసి కూర్చోరాదు. చివర్లో ఎర్రక్షరాలతో, అతిక్రమించిన వారిపై చర్యలు తీసుకోబడును.

ఇప్పుడు ఆ గదిలోకి ఒక అమ్మాయి వచ్చిందనుకోండి. డీఎస్సీకో, కానిస్టేబుల్‌కో, గ్రూప్స్‌కో దరఖాస్తు పెట్టాలి. ఫోను కింద పెట్టెలో వేసి, మెట్లెక్కి, ఫారం తెరిచి, పేరూ ఊరూ కొడుతుంది. సెల్ నంబరు ఇవ్వగానే ఓటీపీ పంపామంటుంది సైటు. ఆ ఓటీపీ కింద పెట్టెలో మోగుతోంది. పరుగున దిగి, అటెండర్ని బతిమాలి, అంకెలు అరచేతిలో రాసుకుని పైకొచ్చేసరికి టైం అయిపోయిందని చూపిస్తుంది. మళ్లీ పంపించుకోవాలి, మళ్లీ దిగాలి. ఎలాగో అది గట్టెక్కితే ఫొటో, సంతకం అప్‌లోడ్ చేయమంటుంది, అవేమో పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, పెన్‌డ్రైవ్ పెట్టకూడదు. ఈలోపు అరగంట అయింది, వెనకాల ఇంకొకరు వచ్చి నిలబడ్డారు. ఆ అమ్మాయి ఇంకేం చేస్తుంది, వీధి చివర నెట్ సెంటరుకి పోతుంది.

పోతే ఏమైంది, నెట్ సెంటర్లు ఉన్నది అందుకే కదా అంటారు కొందరు. నెట్ సెంటర్ల మీద మాకు కోపం లేదు, చివరి తేదీ రాత్రి షట్టరు సగం దించి మరీ ఫారాలు నింపేది వాళ్లే. కానీ అక్కడ పిల్లలు కీబోర్డు ముట్టుకోరు. కౌంటర్ ఇవతల నిలబడి సర్టిఫికెట్లు ఒక్కొక్కటే అందిస్తుంటారు, లోపలున్నాయన టకటకా కొట్టేస్తుంటాడు. ఈమెయిల్ లేదంటే ఆయనే ఒకటి తయారు చేస్తాడు, దాని పాస్‌వర్డ్ ఆయన నోటుబుక్కులో ఉంటుంది, ఆర్నెల్ల తర్వాత హాల్‌టికెట్ కావాలంటే మళ్లీ ఆయన గుమ్మం తొక్కాల్సిందే. ఆ రోజు షాపు మూసి ఉంటే ఇక దేవుడే దిక్కు. కేటగిరీ తప్పు పడినా, పుట్టిన తేదీలో ఒక అంకె అటూ ఇటూ అయినా నష్టపోయేది దరఖాస్తుదారే, ఆయన కాదు. ఎవరి ఫారం వాళ్లే నింపుకోవడం, ఎవరి పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉండడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, గ్రంథాలయంలో కంప్యూటరు పెట్టడానికి దీన్ని మించిన కారణం మాకైతే తోచడం లేదు.

దరఖాస్తే కాదు, ఇప్పుడు పరీక్షలు కూడా చాలావరకు కంప్యూటర్ మీదే. 2025లో 16,347 టీచరు పోస్టులకు పెట్టిన మెగా డీఎస్సీ అలాగే జరిగింది. ఇంజినీరింగ్ సీట్ల కోసం రాసే ఈఏపీసెట్ కూడా అంతే, 160 ప్రశ్నలు, మూడు గంటలు. కోసిగి, హొళగుంద వైపు నుంచి, మిరప కోతలకి గుంటూరు దిక్కు వలస పోయే ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకి ఫోను బాగా తెలుసు, వేలితో తోయడం మనకంటే వేగంగా తోస్తారు. కానీ మౌస్ పట్టుకోవడం, రాని ప్రశ్నకి గుర్తు పెట్టి ముందుకెళ్లి మళ్లీ వెనక్కి రావడం, స్క్రీన్ మూలన తరిగిపోతున్న టైము చూసి కాళ్లూచేతులూ ఆడకుండా పోకపోవడం, ఇవన్నీ ఫోనులో అలవాటయ్యేవి కావు. పరీక్ష హాల్లోనే మొదటిసారి మౌస్ పడితే చదివిందంతా టెన్షన్‌లో కొట్టుకుపోతుంది. పట్నంలో కోచింగ్ సెంటర్లు డబ్బు తీసుకుని ఈ ప్రాక్టీసు చేయిస్తాయి, డబ్బు లేని పిల్లకి గ్రంథాలయమే గతి. ఆ పిల్లకి కావాల్సింది మూడు గంటల మాక్ టెస్టు, మనమిచ్చేది అరగంట.

టైం లిమిట్ వద్దని మేమనడం లేదు. నాలుగు మిషన్లకి నలభై మంది వచ్చే చోట వంతులు లేకపోతే గట్టిగా అరిచేవాడిదే కుర్చీ అవుతుంది. అయితే అందరికీ ఒకే అరగంట ఎందుకు? రెండు మిషన్లు హాల్‌టికెట్, రిజల్టు, ప్రింటు లాంటి చిన్న పనులకి వదిలేయండి, ఇరవై నిమిషాలు చాలు. మిగతా రెండు ముందురోజే పేరు రాయించుకున్న వాళ్లకి మూడు గంటల చొప్పున ఇవ్వండి. వెనకాల ఎవరూ లేనప్పుడు మాత్రం అరగంట అయిందని లేపడం దేనికో మాకర్థం కాదు, ఖాళీ కుర్చీ ఎవరికి ఉపయోగం? పాఠకుడి సమయం ఆదా చేయమని మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన రంగనాథన్ 1931లోనే గ్రంథాలయాలకు సూత్రం రాసిపెట్టారు, లైబ్రరీ సైన్సు చదివిన ప్రతివాళ్లూ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సూత్రమే అది.

ఇక రిజిస్టరు. ఇక్కడ మాకు కొంచెం కోపం ఉంది. పొడుగు గీతల పుస్తకం, బల్ల మీద తెరిచి ఉంటుంది, పేరు, ఊరు, ఆధార్ నంబరు, సెల్ నంబరు, వచ్చిన టైము. పదో వరుసలో రాసేవాడికి పై తొమ్మిది వరుసలూ కనబడతాయి. పై వరుసలో అమ్మాయి పేరూ నంబరూ ఉంటే సాయంత్రానికి ఆ నంబరుకి ఎవరో హాయ్ అని మెసేజ్ పెట్టడం ఎంతసేపు? అమ్మాయిలు లైబ్రరీకి రావడం లేదని సభల్లో బాధపడే పెద్దలు ఒక్కసారి ఆ బల్ల దగ్గర నిలబడి చూడండి. ఇంట్లో తెలిస్తే లైబ్రరీ మాన్పిస్తారని ఆ పిల్ల ఎవరికీ చెప్పదు, తనే రావడం మానేస్తుంది.

రూల్సు అలా ఉన్నాయండీ అంటారు. 2011లో కేంద్రం సైబర్ కేఫ్‌లకి పెట్టిన నియమాల్లో గుర్తింపు కార్డు చూడాలని, ఎవరు ఏ మిషన్ మీద ఎప్పటి నుంచి ఎప్పటిదాకా కూర్చున్నారో రాసి ఏడాదిపాటు ఉంచాలని ఉన్నమాట నిజం. చట్టం ప్రకారం సైబర్ కేఫ్ అంటే వ్యాపారంగా నెట్ ఇచ్చే చోటు, గ్రంథాలయం వ్యాపారం చేయదు, ఆ వాదన పక్కన పెడదాం. కానీ ఆ రిజిస్టరును భద్రంగా ఉంచాలని కూడా అదే నియమాల్లో ఉంది, బల్ల మీద తెరిచి పెట్టమని ఎక్కడా లేదు. గ్రంథాలయ సభ్యత్వ కార్డు ఉన్నవాళ్లకి ఆ కార్డు నంబరు రాసుకుంటే సరిపోతుంది. సభ్యులు కానివాళ్ల కార్డు చూసి వెనక్కి ఇచ్చేయొచ్చు, జిరాక్సులు తీసుకుని బీరువా పైన కట్టలు కట్టడం ఎందుకు? ఆ కట్టలు చివరికి ఎక్కడికి పోతాయో మాకు తెలీదా, బజ్జీల బండి దగ్గర పొట్లాలై తిరిగొస్తాయి.

ఎవరు వచ్చారన్నది రాసుకోవచ్చు గానీ ఏం చూశారన్నది రాసుకునే అలవాటు మాత్రం మొదలుపెట్టకూడదు. కొన్నిచోట్ల రిజిస్టరులో 'పని వివరం' అని ఒక గడి గీస్తున్నారు. ఒకామె గర్భసంచి జబ్బు గురించి చదువుకోవడానికి వస్తుంది, ఒకతను తన భూమి పాసుపుస్తకంలో ఎవరి పేరు ఎక్కిందో చూసుకోవడానికి వస్తాడు, ఎవరి మీదో ఫిర్యాదు పెట్టడానికి ఇంకొకరు వస్తారు. ఆ గడిలో ఏం రాయమంటారు? 2017లో తొమ్మిది మంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పింది. అంత దూరం పోనక్కర్లేదు, మన ఊరి మనిషినే తలుచుకుందాం. 1883లో కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు స్వరాజ్య పత్రికలో వచ్చిన రాతకి 1908లో రాజద్రోహం కింద జైలుకెళ్లారు, బయటికొచ్చాక ఏళ్ల తరబడి గ్రంథాలయోద్యమం నడిపారు. ఆయన పుట్టిన గడ్డ మీద గ్రంథాలయంలో ఎవరేం చదువుతున్నారో రాసిపెట్టే పుస్తకం ఉండడం మాకు నచ్చదు, సంపాదకీయాలు రాసి బతికేవాళ్లం కాబట్టి ఇంకొంచెం ఎక్కువే నచ్చదేమో.

యూట్యూబ్ మూసేయడం గురించి రెండు మాటలు. మన పిల్లలు మెథడాలజీ, రీజనింగ్, లెక్కలు నేర్చుకునేది ఎక్కువగా అందులోనే, పైసా ఖర్చు లేకుండా. రీల్స్ చూస్తున్నారని మొత్తం మూసేయడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే. హెడ్‌ఫోన్ లేకుండా వీడియో పెట్టకూడదని రాయండి, దాన్ని కచ్చితంగా అమలు చేయండి, సగం గొడవ అక్కడే తీరుతుంది. అశ్లీలం సంగతి వేరు, అందులో బేరాల్లేవు. పిల్లల మీద తీసిన అశ్లీల దృశ్యాలను వెతికి చూడడం కూడా ఐటీ చట్టం 67బి కింద నేరమే, ఆ ముక్క ఫ్లెక్సీ మీద పెద్దక్షరాలతో ఉండాలి. చిన్నపిల్లలు కూర్చునే మిషన్ స్క్రీన్ గదివైపు తిరిగి ఉండాలి. పెద్దవాళ్లు బ్యాంకు పనులో ఆసుపత్రి రిపోర్టులో చూసుకునే మిషన్ మాత్రం గోడవైపు తిరిగి ఉంటే మంచిది, ఇప్పుడు చాలాచోట్ల నాలుగూ ఒకే వరుసలో, నడిచేవాళ్లందరికీ కనబడేట్టు ఉన్నాయి.

ఫ్లెక్సీ మీద ఉండాల్సినవి కొన్ని అసలు లేనే లేవు. పని అయ్యాక లాగౌట్ చేయమని లేదు. వాట్సాప్ వెబ్ తెరిచి అలాగే వెళ్లిపోయేవాళ్లున్నారు, తర్వాత కూర్చున్నవాడు వాళ్ల మెసేజీలన్నీ చదవొచ్చు. పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అని అడిగితే వద్దు అనాలని ఎవరూ చెప్పరు. డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిస్తే కులధ్రువీకరణ పత్రాలు, మార్కుల మెమోలు, ఆధార్ కాపీలు, ఎవరివో పెళ్లి బయోడేటాలు కూడా. ఇది ఎవరో ఒకరు రోజూ కూర్చుని తుడవాల్సిన పని కాదు. మిషన్ ఆపి మళ్లీ వేసినప్పుడు అన్నీ చెరిగిపోయేట్టు ఒకసారి సెట్ చేస్తే చాలు, మూసేయగానే చూసినవన్నీ మరిచిపోయే గెస్ట్ మోడ్‌లో బ్రౌజర్‌ని ఉంచడం అయితే ఐదు నిమిషాల పని. గోడ మీద 1930 అని కూడా రాయండి, సైబర్ మోసంలో డబ్బు పోయినవాళ్లు వెంటనే ఫోన్ చేయాల్సిన నంబరు అది.

లైబ్రేరియన్ల బాధ కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. ఒక పెన్‌డ్రైవ్‌తో వైరస్ ఎక్కితే మిషన్ మూలన పడుతుంది, రిపేరుకి ఉత్తరం రాస్తే బదులు రావడానికి నెలలు, ఆ నెలలన్నీ పాఠకుల తిట్లు తినేది పైవాళ్లు కాదు. ఫిర్యాదు వస్తే మెమో కూడా లైబ్రేరియన్‌కే. అందుకే అన్నీ నిషేధం అని రాసేసుకుంటే తలనొప్పి ఉండదనుకుంటారు, మనం వాళ్ల కుర్చీలో ఉన్నా అదే చేస్తామేమో. పాత మిషన్లతో ఇంకో చిక్కుంది, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, అప్‌డేట్లు రాని మిషన్‌లో ఎవరి పెన్‌డ్రైవ్ పెట్టినా భయమే. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకోవచ్చు, లేదా ఫైళ్ల కోసం ఒక్క మిషన్ విడిగా పెట్టి అక్కడ స్కాన్ చేశాకే పెన్‌డ్రైవ్ వాడనివ్వొచ్చు. అది కూడా కాకపోతే ఫోను లోపలికి రానివ్వండి, ఫొటో ఎవరి మెయిల్‌కి వాళ్లే పంపుకుంటారు.

పాఠకులేమీ పుటం పెట్టిన బంగారం కాదు. కీబోర్డు మీద కుర్‌కురే పొడి, మౌస్ వైరు పీకి పోవడం, హాల్‌టికెట్ అని కూర్చుని గంటసేపు క్రికెట్ స్కోరు, వాల్‌పేపరుగా హీరో బొమ్మ. నలుగురు స్నేహితులు ఒక కుర్చీ చుట్టూ చేరి నవ్వుకుంటుంటే పక్కన చదివేవాడి గతి ఏమిటి? వాళ్లని లేపే అధికారం లైబ్రేరియన్‌కి ఉండాలి. కానీ ఇద్దరు కలిసి కూర్చోరాదన్న రూలు మాత్రం తీసేయాలి, కంప్యూటర్ రాని తల్లి పక్కన కొడుకు కూర్చోకపోతే ఆ ఫారం ఎవరు నింపుతారు?

డబ్బు ఎక్కడిది అంటారా, మీరు కట్టే పన్నులోనే ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఆస్తి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. మున్సిపాలిటీలు, పంచాయతీలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి, జమ చేయడం దగ్గరే ఎప్పుడూ ఆలస్యం. ఈసారి ఇంటిపన్ను రసీదు తీసుకున్నప్పుడు సెస్సు ఎంత పడిందో చూసుకుని, అది గ్రంథాలయానికి చేరిందా అని కౌంటర్లోనే అడగండి.

కొత్త మిషన్లు, కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చేసరికి ఎన్నాళ్లు పడుతుందో. జిల్లా గ్రంథాలయ సంస్థ వాళ్లు ఈలోపు పైసా ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటుంది. మెట్ల కింద ఉన్న ఆ ఫోన్ల పెట్టెను పైకి తెచ్చి కంప్యూటర్ల బల్ల పక్కనే పెట్టించండి, సైలెంట్‌లో. ఓటీపీ వచ్చినప్పుడు చెయ్యి చాస్తే అందాలి.