ఫోన్ లాక్కుంటే బడి లాక్కున్నట్టే

పిల్లల్ని ఆన్‌లైన్‌లో ఎవరైనా ఏడిపిస్తున్నారని తెలిస్తే పెద్దవాళ్ల నోట వెంటనే వచ్చే మాట: "ఆ ఫోన్ అవతల పడేయ్. ఆ అకౌంట్ తీసేయ్." మన ఇళ్లలో దీనివల్ల పెద్ద నష్టం ఉండకపోవచ్చు. తెల్లారితే బడి ఉంటుంది, అక్కడ టీచరు, కౌన్సిలరు, స్నేహితులు ఉంటారు. అదే మాట అఫ్గానిస్తాన్‌లో పదహారేళ్ల అమ్మాయితో అంటే, ఆ పిల్లకు మిగిలిన ఒకే ఒక్క బడిని మన చేతులతో మూసేసినట్టు. అక్కడి యువతను పీడిస్తున్న సైబర్ వేధింపుల గురించి ఎవరు మాట్లాడినా ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలని నా అభిప్రాయం.

2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల చేతికి వెళ్లింది. సెప్టెంబరులో హైస్కూళ్లు మగపిల్లలకు మాత్రమే తెరిచారు. 2022 మార్చి 23న ఆడపిల్లలకూ తెరుస్తామన్నారు. పాపం, పిల్లలు యూనిఫాం వేసుకుని ఉత్సాహంగా వచ్చారు, కొద్ది గంటల్లోనే ఇళ్లకు పంపేశారు. ఆ డిసెంబరులో ఆడవాళ్లకు యూనివర్సిటీలు బంద్. 2024 డిసెంబరులో నర్సింగ్, మంత్రసాని కోర్సులు కూడా బంద్. హైస్కూలు చదువుకు దూరమైన ఆడపిల్లలు కనీసం 14 లక్షల మంది అని 2024లో యునెస్కో చెప్పింది. హైదరాబాద్‌లోని ఉస్మానియా, ఇఫ్లూ యూనివర్సిటీల్లో అఫ్గాన్ విద్యార్థులతో కలిసి చదువుకున్నవాళ్లు ఇక్కడి మన తెలుగు సంఘంలోనూ ఉన్నారు. 2021 ఆగస్టులో భారత్, అప్పటికి మన దేశంలో లేని అఫ్గాన్లకు ఇచ్చిన వీసాలన్నీ రద్దు చేసింది. సెలవులకు ఇంటికి వెళ్లినవాళ్లు చాలామంది అక్కడే చిక్కుకుపోయారు.

ఇక వీళ్లకు మిగిలింది ఫోను. వాట్సాప్‌లో పాఠాలు, టెలిగ్రామ్‌లో పుస్తకాలు, నెట్ బాగుంటే జూమ్ క్లాసు. వేధించేవాళ్లు కాచుకుని కూర్చునేదీ అక్కడే.

మేముండే కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో సెంటర్‌విల్ ప్రాంతాన్ని 'లిటిల్ కాబూల్' అంటారు. 1980లలో సోవియట్ యుద్ధం నుంచి తప్పించుకుని వచ్చిన కుటుంబాలతో మొదలైన అఫ్గాన్ బస్తీ అది. మా పొరుగున ఉండే ఒక అఫ్గాన్ ఆంటీ ద్వారా మేం కొందరం తెలుగు ఆడవాళ్లం అక్కడి అమ్మాయిలకు ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెబుతున్నాం. వేసవిలో ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర అయితే కాబూల్‌లో ఉదయం ఎనిమిది. స్క్రీన్ మీద ఒక్క ముఖమూ కనిపించదు. ఒకరిది గులాబీ పువ్వు, ఒకరిది పిల్లి, ఇంకొకరిది హిందీ సినిమా హీరోయిన్ ఫొటో. పేరు ఉండాల్సిన చోట ఒక అక్షరం. మైక్ ఆన్ చేసినా గొంతు తగ్గించే మాట్లాడతారు. "ఉస్తాద్, మళ్లీ చెప్పండి" అన్న మాట వినడానికి మేం స్పీకరు పెంచుకోవాలి.

వాళ్లలో ఒకమ్మాయి, వ్యాసాలు బాగా రాసేది, ఉన్నట్టుండి గ్రూపు నుంచి వెళ్లిపోయింది. ఏమైందో చాలా రోజుల తర్వాత ఆమె స్నేహితురాలు మెసేజ్ పెడితే తెలిసింది. ఎవరో క్లాసు స్క్రీన్‌షాట్ తీసి, ఆ అమ్మాయి అక్షరం చుట్టూ ఎర్రగా గుండ్రం గీసి, "మీ చెల్లెలు పరాయి మగాళ్లతో మాట్లాడుతోంది" అని ఒక్క వాక్యం రాసి ఆమె అన్నకు పంపారు. మా క్లాసులో మగవాళ్లే లేరు. అన్న ఆ మాట నమ్మలేదట. తండ్రి కోప్పడనూ లేదట. కానీ అదే స్క్రీన్‌షాట్ పక్క వీధిలో ఉండే బాబాయికి కూడా వెళ్లింది. నలుగురూ ఏమనుకుంటారోనని ఫోన్ తీసుకెళ్లి అమ్మ పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఇంట్లో ఒక్కరూ ఆ పిల్లది తప్పు అనలేదు. చదువు మాత్రం ఆగిపోయింది.

ఆ పని చేసినవాడికి కావలసినదల్లా ఒక సిమ్ కార్డు, ఆ అన్న నంబరు. హ్యాకింగ్ అక్కర్లేదు, మార్ఫింగ్ అక్కర్లేదు. మిగతా పని ఇంట్లోవాళ్లే పూర్తి చేస్తారని వాడికి బాగా తెలుసు. బెదిరింపులన్నీ నిలబడేది ఈ ధీమా మీదే. "ఫొటో మీ నాన్నకు పంపిస్తా", "నంబరు టెలిగ్రామ్ ఛానెల్లో పెడతా", "నీ పేరుతో అకౌంట్ తెరుస్తా". ఆ అమ్మాయిలు చెప్పే కథలన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి. బెదిరించేవాళ్లు మొదట ఫోన్ రీచార్జి అడుగుతారు, తర్వాత ఇంకో ఫొటో అడుగుతారు. ఇంట్లో చెబితే ఫోన్ పోతుంది, ఫోన్ పోతే చదువు పోతుంది. అందుకే ఆ పిల్లలు నోరు విప్పరు. నోరు విప్పరు కాబట్టే వాడి ఆటలు సాగుతాయి.

పేరుతో అకౌంట్ తెరిస్తే ఏమవుతుందిలే అని మనకు అనిపించవచ్చు. అక్కడ చాలా కుటుంబాల్లో ఆడవాళ్ల పేరు బయట పలకరు. పెళ్లి కార్డు మీద వధువు పేరు ఉండదు, చనిపోయాక సమాధి మీదా ఉండదు. దీన్ని మార్చాలని 2017లో హెరాత్ నగరానికి చెందిన లాలే ఉస్మానీ, ఆమె తోటివాళ్లు 'నా పేరెక్కడ' అంటూ ఉద్యమం మొదలుపెట్టారు. దాని ఫలితంగా 2020 సెప్టెంబరులో పిల్లల గుర్తింపు కార్డుల మీద తల్లి పేరు కూడా రాసేలా చట్టం మార్చారు. అది జరిగి ఏడాది తిరగకుండానే ప్రభుత్వం మారిపోయింది. అలాంటి చోట ఒకమ్మాయి పేరు, తండ్రి పేరు, వీధి పేరు కలిపి ఫేస్‌బుక్‌లో పెట్టడం చెయ్యి చేసుకోవడం కంటే తక్కువేమీ కాదు.

ఫిర్యాదు చేద్దామంటే ఎక్కడ చేస్తారు? హైదరాబాద్‌లో అయితే షీ టీమ్స్‌కు ఫోన్ చేయమంటాం. కాబూల్‌లో మహిళా వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఉండేది. 2021 సెప్టెంబరులో దాన్ని ఎత్తేసి, ఆ భవనాన్నే 'అమ్ర్ బిల్ మారూఫ్' శాఖకు, అంటే జనం నడవడికను కనిపెట్టే శాఖకు ఇచ్చేశారు. 2024 ఆగస్టులో వచ్చిన, ఆ శాఖ అమలు చేసే చట్టం ప్రకారం ప్రాణమున్నవాటి చిత్రాలు ప్రచురించకూడదు, ఆడవాళ్ల గొంతు బయటివాళ్లకు వినపడకూడదు. ఇక బాధితురాలు వెళ్లి "నా ఫొటో దొంగిలించారు" అంటే, ముందు ఆ ఫొటో ఎందుకు దిగావని అడుగుతారు. వేధించేవాడు ఇప్పుడు "మీ నాన్నకు చెబుతా" దగ్గర ఆగడం లేదు, "మారూఫ్ వాళ్లకు చెబుతా" అంటున్నాడు.

మగపిల్లలకు కూడా ఈ బాధ తప్పడం లేదు. హజారా అనే మైనారిటీ తెగ కుర్రాడైతే ముఖం తీరు మీద వెక్కిరింతలు, దరీ మాట్లాడితే ఒక వర్గం బూతులు, పష్తో మాట్లాడితే ఇంకో వర్గం బూతులు. ఇరాన్‌కు వెళ్లిన కుటుంబాల పిల్లలకైతే అఫ్గాన్లను వెళ్లగొట్టాలనే హ్యాష్‌ట్యాగులు. ఇవన్నీ నిజమే. అయితే మగపిల్లవాడికి తిట్లు పడినా మర్నాడు బడికి వెళ్లే దారి ఉంది కాబట్టి, నేను ఆడపిల్లల గురించే ఎక్కువ చెబుతున్నాను.

2025 సెప్టెంబరు చివర్లో తాలిబన్లు దేశమంతటా ఇంటర్నెట్ ఆపేశారు. దాదాపు 48 గంటలు ఫోన్లు కూడా పనిచేయలేదు. ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది, పెట్టాల్సిందే. కానీ ఒక్క స్క్రీన్‌షాట్‌తో ఒక్కో ఇంట్లో ఒక్కో అమ్మాయికి నెట్ శాశ్వతంగా ఆగిపోతుంటే అది ఏ లెక్కలోకీ రావడం లేదు. నాకు కోపం తెప్పించేది ఇదే.

ఫ్రీమాంట్‌లో కూర్చున్న మనకు దీనితో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. మొదటి సంగతి, ఆ స్క్రీన్‌షాట్లు ఇక్కడికీ వస్తాయి. కాబూల్‌లో పిల్లను బెదిరించేవాడికి అమెరికాలోని మేనమామ నంబరు కూడా దొరుకుతుంది. ఇంటి ఖర్చులకు డబ్బు పంపేది ఆయనే కాబట్టి ఆయన మాటకు విలువెక్కువ. మన ఫ్యామిలీ గ్రూపుల్లో అమెరికా బాబాయి మాట ఎలా చెల్లుతుందో అలాగే. ఆ మేనమామ దాన్ని ముందుకు పంపకుండా డిలీట్ చేసి, పిల్లకు ఫోన్ చేసి, "నీ తప్పేం లేదు, చదువు మానకు, మీ నాన్నతో నేను మాట్లాడతా" అంటే బెదిరింపు అక్కడితో చచ్చిపోతుంది. మన అఫ్గాన్ ఇరుగుపొరుగుతో, ఆఫీసులో కలిసి పనిచేసేవాళ్లతో ఈ విషయం మాట్లాడగలిగేది మనమే. పరువు అంటే ఏమిటో, అది పోతుందన్న భయం ఎలా పనిచేస్తుందో మనకు ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు.

రెండో సంగతి చేదుగా ఉన్నా చెప్పాలి. ఇక్కడి స్కూళ్లలో అఫ్గాన్ పిల్లల్ని గ్రూప్ చాట్లలో 'తాలిబన్' అని పిలిచేవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. ఉత్త జోకే కదా అంటారు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో మన శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపినవాడు ఆయన్ను ఇరాన్ దేశస్థుడు అనుకున్నాడు. ఆ వారం మనం ఎంత టెన్షన్ పడ్డామో, పిల్లల్ని బయటికి పంపడానికి ఎంత భయపడ్డామో గుర్తుంది కదా. మన ఇంట్లో అలాంటి జోకు వినపడితే ఊరుకోకూడదు. కాలిఫోర్నియా విద్యా చట్టంలో ఫోన్ ద్వారా చేసే బుల్లియింగ్‌కు కూడా సస్పెన్షన్ ఉందని పిల్లలకు చెప్పండి. అంతకంటే ముందు ఆ అఫ్గాన్ పిల్లవాడు ఏం దాటుకుని ఇక్కడికి వచ్చాడో చెప్పండి.

మూడోది మన సంఘంలో చాలామంది చేతుల్లో ఉన్న పని. బే ఏరియాలో సోషల్ మీడియా కంపెనీల్లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో నేను చెప్పక్కర్లేదు. 2021లో బయటపడిన ఫేస్‌బుక్ అంతర్గత పత్రాల్లో, అఫ్గానిస్తాన్‌లో వచ్చే ద్వేషపు పోస్టుల్లో ఒక్క శాతం కూడా తొలగించడం లేదని ఉంది. దరీ, పష్తో తెలిసి పరిశీలించేవాళ్లు అప్పట్లో చాలినంతమంది లేరు. మరి తలచుకుంటే పని జరగదా? జరుగుతుంది. అపరిచితులకు ఫొటోలు కనపడకుండా ప్రొఫైల్‌కు తాళం వేసుకునే సౌకర్యాన్ని ఫేస్‌బుక్ 2020లో ముందుగా మన దేశంలో తెచ్చింది. మన అమ్మాయిల ఫొటోలు ఎత్తుకుపోతున్నారన్న భయమే దానికి కారణం. కాబూల్ పడిపోయిన నాలుగు రోజులకు, అఫ్గాన్లు ఒక్క నొక్కుతో ప్రొఫైల్ లాక్ చేసుకునే వీలు కల్పించారు, వాళ్ల ఫ్రెండ్స్ జాబితాలు ఇతరులకు కనపడకుండా చేశారు. నాలుగు రోజుల్లో చేయగలిగారు.

మిగిలిన చిక్కు ఫొటోలది. అమెరికాలో 2025 మేలో వచ్చిన 'టేక్ ఇట్ డౌన్' చట్టం ప్రకారం, అనుమతి లేకుండా పెట్టిన నగ్న చిత్రాలను, ఏఐతో చేసినవైనా సరే, ఫిర్యాదు అందిన 48 గంటల్లో తీసేయాలి. మంచి చట్టమే. కానీ అఫ్గాన్ అమ్మాయి బతుకు తలకిందులు కావడానికి నగ్న చిత్రం అక్కర్లేదు. తలమీద స్కార్ఫ్ లేకుండా చెల్లెలి పుట్టినరోజున దిగిన ఫొటో చాలు. మా విద్యార్థిని ఒకరు అలాంటి ఫొటో గురించి ఒక కంపెనీకి రిపోర్ట్ కొడితే "మా నియమాలకు విరుద్ధంగా లేదు" అని జవాబు వచ్చింది. ఆ జవాబు కూడా ఇంగ్లీషులో వచ్చింది.

ఆ కంపెనీల్లో ట్రస్ట్ అండ్ సేఫ్టీ వైపు, అంటే వాడేవాళ్ల భద్రత చూసే విభాగంలో పనిచేస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ మేనేజర్లను మూడు విషయాలు అడగండి. దరీ, పష్తోలలో వచ్చే రిపోర్టులు ఎవరు చూస్తున్నారు, జవాబు ఏ భాషలో వెళుతోంది, అఫ్గానిస్తాన్ నుంచి స్కార్ఫ్ లేని ముఖం ఫొటో మీద ఫిర్యాదు వస్తే దాన్ని ఏ పద్దులో వేస్తున్నారు.

మా క్లాసులో మేం చేసిన మార్పు కూడా చెబుతాను, ఇలాంటి క్లాసులు నడిపేవాళ్లకు పనికొస్తుందేమో. రికార్డింగ్ పూర్తిగా ఆపేశాం. కొత్తగా చేరే అమ్మాయి మొదటి రోజు తల్లిని పక్కన కూర్చోబెట్టుకోవాలని అడుగుతున్నాం. తల్లుల్లో చాలామంది 2001లో తాలిబన్ల మొదటి పాలన పోయాక బడికి వెళ్లినవాళ్లు, కొందరు టీచర్లుగా కూడా చేశారు. ఏదో ఒక రోజు ఇలాంటి స్క్రీన్‌షాట్ రావచ్చని ఆంటీ వాళ్లకు ముందే దరీలో చెబుతుంది. వస్తే ఫోన్ తీసుకోవద్దని, ముందు మాకు చెప్పమని అడుగుతుంది. ఇలా చేరిన అమ్మాయిల్లో ఇద్దరి ఇళ్లకు ఈ మధ్య అలాంటి మెసేజ్‌లు వచ్చాయి. ఇద్దరూ క్లాసుకు వస్తూనే ఉన్నారు.