జెండా ఉన్నంత మాత్రాన సమ్మె దొంగదవుతుందా?

"అంగన్‌వాడీల సమ్మె పార్టీలు ఆడించిన నాటకం. సంఘాలు పార్టీల తోకలు, చందాలు పార్టీకే, నాయకులంతా బయటివారే, సమ్మెతో ఒరిగిందేమీ లేదు." నెల్లూరు నుంచి కనిగిరి దాకా ఫోన్లలో తిరుగుతున్న సందేశమిది.

ఆడించింది ఏ పార్టీ? 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు సాగిన ఆ సమ్మెను సీఐటీయూ (సీపీఎం అనుబంధం), ఏఐటీయూసీ (సీపీఐ అనుబంధం), ఐఎఫ్‌టీయూ కార్మిక సంఘాలు కలిసి నడిపాయి. అప్పటి ప్రతిపక్షం తెలుగుదేశం మద్దతు పలికింది, నిజమే. కానీ నాలుగు నెలలు తిరగకుండానే ఎన్నికల్లో సీపీఎం, సీపీఐ తెలుగుదేశం కూటమికి ఎదురు నిలిచి కాంగ్రెస్‌తో కలిసి పోటీ చేశాయి. ప్రభుత్వం మారాక కూడా జీతాల కోసం ధర్నాలు ఆగలేదు.

అసలు ఇందులోకి రాజకీయాన్ని తెచ్చింది సంఘాలా? తెలంగాణ కంటే వెయ్యి రూపాయలు ఎక్కువ ఇస్తామన్నది నాటి ముఖ్యమంత్రి జగన్. అక్కడ జీతం 13,650కి చేరినా ఇక్కడ 11,500 దగ్గరే ఆగింది. ఆ డబ్బుకు ఉదయగిరి కొండ పల్లెల్లో అంగన్‌వాడీ కార్యకర్త గుడ్లు లెక్కపెట్టాలి, పిల్లల బరువు తూచాలి, సిగ్నల్ కోసం ఫోను పైకెత్తుకుని యాప్‌లో హాజరు ఎక్కించాలి. ఆమెకు కడుపు మండటానికి ఇంకొకరు ఎగదోయాలా?

తోకల మాట పూర్తిగా అబద్ధం కాదు. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలింది, 1970లో ఏఐటీయూసీ నుంచి సీఐటీయూ వేరుపడింది. నష్టపోయింది కార్మికులే. అయితే అలగానిపాడులో వ్యవసాయ కూలీలను కూడగట్టిన పుచ్చలపల్లి సుందరయ్య కూడా పార్టీ మనిషే. భూస్వామ్య కుటుంబంలో పుట్టిన ఆయన కూలీల పక్షాన నిలబడ్డారు. దాన్ని ఎవరి నాటకమందాం?

చందా సంగతి: సమ్మె నాటికి అమల్లో ఉన్న 1926 కార్మిక సంఘాల చట్టం ప్రకారమే రాజకీయ నిధి వేరుగా ఉండాలి, అది ఇవ్వని సభ్యుణ్ణి వెలివేయకూడదు.

బయటి నాయకులు ఎందుకంటారా? 2024 జనవరి 6న అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించారు. తర్వాత తొలగింపు నోటీసులు వచ్చాయి. ఆ నోటీసు బయటి నాయకుడికి రాదు, అందుకే అధికారి ఎదుట అతను గొంతు పెంచగలడు. పైగా ఎంతమంది బయటివారు ఉండొచ్చో చట్టమే పరిమితి పెట్టింది.

ఒరిగిందేమిటంటే, కార్యకర్తల పదవీ విరమణ సాయం 50 వేల నుంచి 1.2 లక్షలకు, వయసు 62కు పెంచడానికి ప్రభుత్వం ఒప్పుకొంది. జీతం మాత్రం అప్పుడు పెరగలేదు. జులైలో పెంచుతామన్న హామీ మీద సమ్మె విరమించారు. హామీ ఇచ్చినవారు జూన్‌లోనే దిగిపోయారు.