పుస్తకాలను పాఠకుల బారి నుంచి కాపాడండి

సూపర్‌హీరో కామిక్స్ సంకలనాలకు ఉన్న శత్రువుల్లో మొదటిది తేమ, రెండోది ఎండ. మూడోది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది, పాఠకుడు. తేమకు సిలికా జెల్ పొట్లాలున్నాయి. ఎండకు పరదాలున్నాయి. పాఠకుడికి మాత్రం ఇంతవరకు ఎవరూ మందు కనిపెట్టలేదు. వాడు నేరుగా వచ్చి అల్మరా ముందు నిలబడి, చేతులు కట్టుకుని, "ఇవన్నీ చదివారా?" అంటాడు. ఎంత అమానుషమైన ప్రశ్న! బ్యాంకు లాకర్లో నగలు దాచుకున్న మనిషిని పట్టుకుని "రోజూ అవన్నీ వేసుకుంటారా?" అని ఎవరైనా అడుగుతారా?

చదవడం వల్ల కలిగే నష్టం ఊహ కాదు, చరిత్ర. 1938లో యాక్షన్ కామిక్స్ తొలి సంచిక అట్ట మీద సూపర్‌మ్యాన్ కారునెత్తి కుదేశాడు. మరుసటి ఏడాది డిటెక్టివ్ కామిక్స్ 27వ సంచికలో బ్యాట్‌మన్ దిగాడు. నాసిరకం కాగితం, రెండు పిన్నులు. జనం ఏం చేశారు? చదివారు. చదివి ఊరుకున్నారా, మడిచి వెనక జేబులో పెట్టుకున్నారు, మంచాల కింద పడేశారు, స్నేహితులకు ఇచ్చారు, యుద్ధం రోజుల్లో పాత కాగితాలతో కలిపి అప్పగించేశారు. ఇవాళ ఆ సంచికలు మచ్చ లేకుండా దొరకడం గగనకుసుమం. బద్ధశత్రువు లెక్స్ లూథర్ జీవితమంతా కష్టపడి సూపర్‌మ్యాన్‌కి చేయలేని హాని పదేళ్ల పిల్లలు పడుకునే ముందు పావుగంటలో చేసి చూపించారు.

ప్రచురణ సంస్థలకు ఈ సంగతి బోధపడడానికి సుమారు అర్ధ శతాబ్దం పట్టింది. 1987లో మార్వెల్ సంస్థ వారి మాస్టర్‌వర్క్స్, 1989లో డీసీ సంస్థ వారి ఆర్కైవ్ ఎడిషన్స్ పాత సంచికలను గట్టి అట్టల మధ్య బంధించాయి. అయితే పట్టుదల ఉన్నవాడు వాటిని చదివేయగలడు. ఆ లోపాన్ని 2005లో మార్వెల్ ఆమ్నిబస్ సరిదిద్దింది. ముప్పై, నలభై సంచికలు ఒకే బైండులో. 800 పేజీలు దాటడం మామూలు, వెయ్యి దాటడమూ వింత కాదు. పడుకుని చదివితే ముక్కుకు ప్రమాదం. ఒళ్లో పెట్టుకుంటే కాళ్లకు తిమ్మిరి. బల్ల మీద పెడదామంటే ముందు బల్ల ఖాళీ చేయాలి, దాని మీద ఉన్నవి మిగతా ఆమ్నిబస్‌లు. ఇన్ని అడ్డంకులూ దాటి ఎవడైనా మొండివాడు తెరిచాడనుకోండి, రెండు పేజీల మీద పరుచుకున్న పెద్ద బొమ్మలో నాయకుడి మొహం సరిగ్గా మధ్య మడతలోకి జారిపోయి ఉంటుంది. గ్రహాలను పక్కకు నెట్టగల వీరుడు బైండింగ్‌లోంచి బయటికి రాలేక గింజుకుంటుంటాడు. జిగురు బైండింగయితే ఆశ వదులుకోవలసిందే. కుట్టు బైండింగయితే పేజీ కాస్త పరుచుకుంటుంది, ముక్కు దాకా కనిపిస్తుంది.

మధ్యలో ఒక అపచారం జరిగింది, దాచకూడదు. 1996లో మార్వెల్ వారు ఎసెన్షియల్ పేరుతో పాత కథలను నలుపు తెలుపుల్లో, ముతక కాగితం మీద, చవగ్గా అచ్చేశారు. ఒక్కో పుస్తకంలో బోలెడు సంచికలు. జనం వాటిని బస్సుల్లో, బాత్రూముల్లో సిగ్గు లేకుండా చదివారు. గీత పనితనం అంతా బయటపడేది, కథ వరసగా నడిచేది. 2013లో ఆ వరస ముగిసింది, అదే ఏడాది రంగుల్లో ఎపిక్ కలెక్షన్ మొదలైంది.

ఎపిక్ కలెక్షన్‌ను తలుచుకుంటే ఎవరికైనా చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. సంపుటాల అంకెలు కథ కాలక్రమం ప్రకారం ముందే వేసేస్తారు, పుస్తకాలు మాత్రం తోచిన వరసలో విడుదల చేస్తారు. ఐరన్ మ్యాన్ వరసలో మొట్టమొదట బయటికొచ్చింది పదో సంపుటం! ఇందులోని ధర్మసూక్ష్మం పామరులకు అందదు. "మరి చదవడం మొదలుపెట్టావా?" అని ఎవరైనా నిలదీస్తే, "నాలుగోది రాలేదండీ, అది రాకుండా అయిదోది ఎలా చదువుతాం?" అని మొహం చిట్లించవచ్చు. ఎదుటివాడే మన మీద జాలిపడి వెళ్లిపోతాడు. ఏళ్ల తరబడి చెల్లే సాకును ఇంత అధికారికంగా వెన్నుపట్టీ మీద అంకె వేసి మరీ ఇచ్చిన పరిశ్రమ ఇంకొకటి లేదు.

అంకెల మాట వచ్చింది కనుక అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ సంగతి. 1963లో ఒకటో సంచికతో మొదలైన పత్రిక 1999లో మళ్లీ ఒకటో సంచిక అయింది. 2003లో గతం గుర్తొచ్చి ఏకంగా 500 దగ్గర తేలింది. 2014లో మళ్లీ ఒకటి. 2015లో ఒకటి. 2018లో, 2022లో కూడా ఒకటే. "ఒకటో సంచిక ఉందా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఏ సంవత్సరపు ఒకటి అని ఎదురు ప్రశ్న వేయాలి. స్పైడర్‌మ్యాన్ అసలు పుట్టింది 1962లో, వేరే పత్రికలో, పదిహేనో సంచికలో.

ఇక ఒకే కథను ఎన్నిసార్లు కొనాలి అన్న మీమాంస ఉంది. డార్క్ ఫీనిక్స్ సాగానే తీసుకోండి. రచయిత క్రిస్ క్లేర్‌మాంట్, చిత్రకారుడు జాన్ బర్న్ కలిసి చేసిన, ఎక్స్‌మెన్ అనే వీరుల దళం కథ. 1980లో 137వ సంచికలో ఆ దళంలోని జీన్ గ్రే చంద్రుడి మీద ప్రాణత్యాగం చేసింది. ఆమె పేపర్‌బ్యాక్‌లో చచ్చిపోయింది, నలుపు తెలుపుల్లో చచ్చిపోయింది, మాస్టర్‌వర్క్స్‌లో మంచి కాగితం మీద చచ్చిపోయింది. ఆమ్నిబస్‌లో అయితే ఆమెను చంపడానికి ఒక సంపుటం చాలలేదు. మొదటిది 131వ సంచికతో ఆగిపోతుంది, కథ అప్పుడే రాజుకుంటుంటుంది, చావు చూడాలంటే రెండోది కొనాలి. అన్నీ ఒకే అరలో పక్కపక్కన పెడితే ఒకే మనిషికి ఇన్ని అంత్యక్రియలు జరిపించిన పుణ్యం దక్కుతుంది. 1986లో ఆమె తిరిగొచ్చింది. ఆ సంకలనాలు వేరే.

చదవకుండా ఉంచుకోవడం మనం ఈమధ్య కనిపెట్టింది కాదు. 1991లో ఎక్స్‌మెన్ కొత్త పత్రిక తొలి సంచిక అయిదు అట్టలతో వచ్చి సుమారు 80 లక్షల ప్రతులు అమ్ముడైంది. అయిదూ కొన్న ధర్మాత్ములకు ఒకే కథను అయిదుసార్లు చదవకుండా వదిలేసే భాగ్యం కలిగింది. మరుసటి ఏడాది నవంబర్‌లో సూపర్‌మ్యాన్ చనిపోయిన 75వ సంచికను నల్ల ప్లాస్టిక్ సంచిలో సీలు వేసి, లోపల సంతాపంగా చేతికి కట్టుకునే నల్ల పట్టీ పెట్టి అమ్మారు. సంచి చింపితే విలువ పోతుంది, చింపకపోతే చావు ఎలా జరిగిందో తెలియదు. లక్షల మంది చింపకుండా దుఃఖించారు. అప్పుడు దాచుకున్నవారిలో చాలామందికి ఒక్కటే చిక్కు వచ్చింది: తక్కినవాళ్లందరూ కూడా దాచుకున్నారు.

ముద్రణ ఆగిపోతుందన్న భయమే ఈ మతానికి మూలస్తంభం. అందుకే వాచ్‌మెన్ అనే కామిక్ అంటే మనవాళ్లకు కొంచెం చులకన. అది ఎప్పుడూ దొరుకుతుంది. అలా దొరకడం వెనక ఉన్న కథ మాత్రం ఏ దుష్టపాత్రకూ తట్టనిది. ముద్రణ ఆగిపోయిన కొంతకాలానికి హక్కులు రచయిత అలన్ మూర్‌కూ చిత్రకారుడు డేవ్ గిబ్బన్స్‌కూ తిరిగి చేరాలన్నది ఒప్పందం. అప్పట్లో కామిక్స్ నాలుగు రోజులు అమ్ముడై మాయమయ్యేవి కనుక అది ఉదారమైన షరతులాగే కనిపించింది. 1987లో సంకలనం వచ్చింది. ముద్రణ ఆగనేలేదు. ఇద్దరు మనుషుల హక్కును అట్టల మధ్య పెట్టి నొక్కేసిన ఆ పుస్తకాన్ని ఎంత మెచ్చుకోవాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

రోమ్ అనే అంతరిక్ష వీరుడిది దీనికి పూర్తిగా తలకిందులు. ఒక ఆటబొమ్మ కోసం పుట్టి, 1979 నుంచి 1986 దాకా మార్వెల్‌లో 75 సంచికలు నడిచి, ఆ ఆటబొమ్మ హక్కుల చిక్కులో పడి దశాబ్దాల పాటు సంకలనం లేక అలమటించాడు. 2024లో ఆమ్నిబస్ వచ్చింది. అంతకాలం ఆయన కోసం కళ్లు కాయలు కాచిన భక్తులు ప్రతి తెప్పించుకుని, మూలలు నొక్కుకున్నాయేమో వెతికి, నొక్కుకోలేదని నిర్ధారించుకుని, ప్లాస్టిక్ పొర ఊడదీయకుండా అల్మరాలో ప్రతిష్ఠించారు. మళ్లీ అచ్చు వేస్తున్నామని ప్రకటన వచ్చే రోజు మాత్రం మనకు దుర్దినం. కొరతగా ఉందని పొంగిపోతూ దాచినది ఒక్క పూటలో ఎవరికి పడితే వాళ్లకు దొరికేస్తుంది.

చివరగా, అరువు అడిగేవారి విషయం. పరహస్తం గతం గతః అన్నారు పెద్దలు. తిరిగి రావడం జరిగినా వెన్ను విరిగి వస్తుంది. మరి మొహమాటం ఉన్న చోట ఏం చేయాలి? మార్వెల్‌కు 2007 నుంచి చందా కట్టి తెర మీద చదువుకునే ఏర్పాటుంది, అడిగినవాణ్ణి అటు పంపండి. మన అల్మరాలో సీలు పోని కథలన్నీ నేనూ అక్కడే చదువుతాను. అక్కడ బొమ్మలు మడతలో ఇరుక్కోవు, సంచికలు మొదటి నుంచి వరసగా ఉంటాయి, బరువుండదు, మూల నలగదు, నాలుగో సంపుటం కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఇన్ని లోపాలున్న దాన్ని సేకరణ కింద పరిగణించడం కుదరదు.