తూకం రోజు తువ్వాలు గారికి

మహారాజశ్రీ తువ్వాలు గారికి, తిరుపతి నుంచి ఒక ఫైట్ల పిచ్చోడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మేం ఏదో ఉన్నాం. మీకేం, ఎప్పుడూ క్షేమమే. మిమ్మల్ని అనుమానించేదెవరు?

2017 ఏప్రిల్, అమెరికాలోని బఫెలో. యూఎఫ్‌సీ అనే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీల సంస్థ టైటిల్ ఫైటుకి ముందురోజు తూకం. చాంపియన్ డేనియల్ కోర్మియర్ 205 పౌండ్లు దాటకూడదు. ఎక్కాడు, 206.2 చూపించింది. రెండు మూడు నిమిషాల్లో మళ్లీ వచ్చాడు. ఒంటిమీద బట్టల్లేవు గనక మర్యాద కోసం అడ్డంగా మిమ్మల్ని బిగించి పట్టారు. ఆయన రెండు చేతులూ మీ అంచు మీద ఆనించాడు. 205! అరకిలో పైనే మాయం. ఆ బరువు ఎటూ పోలేదు, మిమ్మల్ని పట్టుకున్నవాళ్ల చేతుల్లోకి దిగింది, అంతే.

మా కొండమీద తులాభారం ఎప్పుడైనా చూశారా? ఒక తట్టలో పిల్లాడు, రెండో తట్టలో బెల్లమో కలకండో నాణేలో. వాడు కాలు కాస్త కిందికి జార్చి నేలకి ఆనిస్తే నాన్నకి రెండు కిలోల బెల్లం మిగులుతుంది. కానీ పక్కనే అవ్వ ఉంటుంది. "కాళ్లు పైకి పెట్టుకో నాయనా" అని గదమాయిస్తుంది. మొక్కు వడ్డికాసులవాడిది, ఎగ్గొడితే వడ్డీతో సహా రాబడతాడని ఆమెకి తెలుసు. బఫెలోలో అధికారులున్నారు, కెమెరాలున్నాయి, అవ్వే లేకపోయింది.

కోర్మియర్ మర్నాడు గెలిచి బెల్టు నిలబెట్టుకున్నాడు. గొప్ప ఫైటరే, కాదనను. 2022లో హాల్ ఆఫ్ ఫేమ్ వేదిక మీద, అవును, తువ్వాలు పట్టుకున్నానని తనే చెప్పేశాడు. దొంగతనం ఒప్పుకోవడానికి సన్మాన సభకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది లెండి.

మీ సాటి సరుకు గ్లవ్స్‌కి ఆ అదృష్టం లేదు. 1983లో న్యూయార్క్‌లో బాక్సర్ లూయిస్ రెస్టో గ్లవ్స్ లోపల ఉండే మెత్తను అతని ట్రెయినర్ పనామా లూయిస్ పీకేశాడు. పాపం, బిల్లీ కాలిన్స్ అనే కుర్రాడు ఆ చేతులతో పది రౌండ్లు తన్నులు తిన్నాడు. ఫైటు అయ్యాక కాలిన్స్ తండ్రి పెద్దమనిషి తరహాలో రెస్టోతో చెయ్యి కలిపాడు. గ్లవ్ పల్చగా తగిలింది. అంతే, అక్కడికక్కడే గొడవ పెట్టాడు. రెస్టో, పనామా లూయిస్ ఇద్దరూ జైలుకెళ్లారు. కాలిన్స్ మాత్రం మళ్లీ రింగెక్కలేదు.

2024 పారిస్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. రాత్రంతా చెమటోడ్చి, జుట్టు కూడా కత్తిరించుకున్న మన రెజ్లర్ వినేశ్ ఫోగట్‌కి వంద గ్రాములు ఎక్కువ తూగినందుకు ఫైనల్ పోయింది. అది ఒలింపిక్స్ లెండి, అక్కడ మీ పప్పులుడకలేదు.

మీ వంశానికి మంచి పేరుండేది. బాక్సర్ ఇక తట్టుకోలేడనిపిస్తే ఫైటు ఆపమన్న గుర్తుగా కార్నర్ లోంచి మీ తాతలే రింగులో పడి ప్రాణం నిలిపేవాళ్లు. మీరేమో ఇలా తయారయ్యారు.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకంటే, మా ఊరి జిమ్ముల్లో కుర్రాళ్లు ఫోన్లో మీ వీడియో చూసి "భలే ఐడియా అన్నా" అంటున్నారు. నాకు టెన్షన్ పట్టుకుంది. ఈసారి తూకానికి తువ్వాలు పట్టే పని ఇద్దరు అవ్వలకి ఇవ్వమని నిర్వాహకులకి చెప్పి వచ్చాను. ఒకావిడ ఇప్పటికే ఒప్పుకుంది. చేతిలో కర్ర కూడా ఉంటుందట.

ఇట్లు,
తమ విధేయుడు కాని ఒక ప్రేక్షకుడు,
తిరుపతి