ఆల్పెన్‌స్టాక్ కర్రగారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆల్పెన్‌స్టాక్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీరు ఆరడుగుల కర్ర, అడుగున ఇనుప ములికి. మా ఎడ్లు తోలే ములుకర్రకు పెద్దన్న లాంటివారు. ఆల్ప్స్‌లో కాపరులూ వేటగాళ్లూ మిమ్మల్ని నమ్ముకునే మంచు దాటేవారు. 1786లో పకార్, బాల్మా అనే ఇద్దరు మొట్టమొదటిసారి ఆల్ప్స్‌లోకెల్లా ఎత్తైన మాంట్ బ్లాంక్ ఎక్కినప్పుడు తాడు లేదు, గొడ్డలి లేదు, మీలాంటి పొడుగు కర్రలే దిక్కు. అంతవరకు మీ మీద ఫిర్యాదు లేదు.

పేచీ అంతా ఆ తర్వాతి మీ వైభవంతోనే. 1863లో థామస్ కుక్ అనే ఇంగ్లీషు యాత్రల వ్యాపారి తన మొదటి జట్టును స్విట్జర్లాండ్ తీసుకెళ్లాడు. సెలవు దొరికినవాడికల్లా కొండ కావాలి, కొండకెళ్లినవాడికల్లా మీరు కావాలి. మజిలీ మజిలీకీ మీ ఒంటిమీద కనుమ పేరో కొండ పేరో కాల్చి ముద్ర వేసేవారు. చిల్లర చేతిలో పెడితే చాలు, ఎక్కావా అని అడిగేదెవరు? దొరగారు కంచరగాడిద మీద, మీరు దొరగారి ఒళ్లో! 1871లో విట్స్‌నావ్ నుంచి రిగి కొండకు పళ్లపట్టాల రైలే వచ్చింది. రైలు టిక్కెట్టు చెత్తబుట్టకి, మీరు ముందుగది గోడకి.

మిమ్మల్ని ఎలా పట్టాలో మాత్రం ముద్ర వేసేవాడు చెప్పడు. ఏటవాలు మంచుకు అడ్డంగా నడిచేటప్పుడు రెండు చేతులా పట్టుకుని ములికిని కొండవైపే గుచ్చాలి. కొత్తవాడికి లోయంటే భయం కదా, లోయవైపే గుచ్చి దానిమీద బరువేస్తాడు. ములికి జారిందా, ముందు మనిషి, వెనకాల మీరు. మంచుమీద నిలబడి జారుతూ దిగాలంటే మోకాళ్లు కాస్త వంచి, మిమ్మల్ని పక్కగా వెనక్కి నొక్కిపట్టాలి. అదే బ్రేకు. కంగారుపడి ఒళ్లంతా వెనక్కి వాల్చేస్తే కూలబడటమే.

గట్టి మంచుగడ్డ ఎదురైతే మీ పరువు అక్కడే ఆగుతుంది. ములికితో మెట్టు తెగదు. అది గైడు మొలలోని చేగొడ్డలి పని. చివరికి ఆ గొడ్డలినీ మిమ్మల్నీ ఒకటి చేసి ఐస్ యాక్స్ అన్నారు, కాస్త పొట్టి చేసి మరీ.

గైడంటే గుర్తొచ్చింది. 1820లో మాంట్ బ్లాంక్ మీద మంచుచరియ ముగ్గురు గైడ్లను మింగింది. మరుసటి ఏడు ఆ కొండ కింది ఊరు షామొనీలో గైడ్ల సంఘం పుట్టింది. 1865లో మాటర్‌హార్న్ శిఖరం దిగుతుంటే తాడు తెగి, ఏడుగురిలో నలుగురు పోయారు. వారిలో ఒకరు గైడు. జనం జడుస్తారనుకుంటే దాని కిందనున్న జెర్మాట్ ఊరి పేరు ఇంకా మోగింది. ఇన్ని కొండల పేర్లు ఒంటినిండా మోస్తున్నారే, మీ దొరను మోసుకొచ్చిన గైడు పేరుకు ఎన్ని అంగుళాలు కేటాయించారు?

మీ మనవలు, ఈనాటి ట్రెకింగ్ కర్రలు, ఇప్పుడు అల్యూమినియంవాళ్లు. జతగా తిరుగుతారు, మడిస్తే సంచిలో పడతారు, ములికికి రబ్బరు టోపీ కూడానూ. మీరు మాత్రం గోడమీదే ఉన్నారు. ములికికి కాస్త నూనె రాయించుకోండి, తుప్పు రాలి కింద సోఫా పాడవుతోంది.

చిత్తగించవలెను.